సమస్య: గ్రుడ్డివాఁడె సుమ్ము గురువు మనకు

నిర్వాహకులు (కర్నూలు):
నిన్నటినుంచి ఈ పాదం నన్ను వదలడం లేదు. దారి చూపేవాడే గురువు గదా, ఆయనకే చూపు లేకుంటే? ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించండి. ధృతరాష్ట్రుణ్ణి తిట్టే పద్యాలు మాత్రం వద్దు, చాలా చూశాం.

తుంగభద్ర (కర్నూలు):
ఒకటి తెలిసె నాకు నొక్కటే చాలన్న
నాఁడు చీఁకటుండె నేఁడు వెలుఁగు
పలికెఁ బెద్దలెదుట భయమింత లేకుండ
గ్రుడ్డివాఁడె సుమ్ము గురువు మనకు

యోహాను సువార్త 9వ అధ్యాయం. పుట్టుగుడ్డి సిలోయం కోనేట్లో కడుక్కుని చూపుతో వచ్చాడు. యూదు మతపెద్దలైన పరిసయ్యులు పిలిపించి గుచ్చి గుచ్చి అడిగారు. ధర్మశాస్త్రమంతా చదివినవాళ్ళు, ఎదురుగా ఉన్నది మాత్రం వాళ్ళకు ఆనలేదు. మాకు కనబడుతోంది అన్నారు చూడండి, అక్కడే చెడింది.

పెన్న (తాడిపత్రి):
భావం బాగుంది. రెండో పాదంలో నా–నే యతి, అంటే మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జత, ఎట్లా కుదిరిందమ్మా? నా పూరణ:

కన్నులున్న మనము కాసులనే చూతుము
కన్ను లేని సూర కవియె చూచె
నల్లనయ్య యెదుట నాట్యమాడుచునుండ
గ్రుడ్డివాఁడె? సుమ్ము గురువు మనకు

సూర కవి అంటే భక్తకవి సూరదాసు. ప్రశ్నార్థకం గమనించగలరు.

పాలకొండ (కడప):
అది రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి సార్, నాఁడు–నేఁడు. పోయిన సమస్యలో సి.పి. బ్రౌన్ మీద నేను రాసిన పద్యానికీ ఇట్లే లేని తప్పు పట్టారు. 1829లో ఆ దొర వేమనను అచ్చు వేయించేనాటికి మన పండితులెందరికో వేమన కంటికి ఆనలేదన్నాను. అందులో తప్పేముంది? వేమన సమాధి ఉన్న కటారుపల్లి మనకు పక్కనే ఉండె, చూపు మాత్రం ఇంగ్లండు నుంచి రావాల్సి వచ్చె.

మీ ప్రశ్నార్థకం అద్భుతం, ఒప్పుకుంటా. కానీ ‘కాసులనే’ దగ్గర ఒక లఘువు, అంటే ఒక పొట్టి అక్షరం, ఎక్కువైంది. ఊరందరి యతులు చూసేవారు సొంత గణం చూసుకోవద్దా?

నిర్వాహకులు వద్దన్నా రాస్తున్నా, ఇది తిట్టు కాదు:

విశ్వరూపుఁ గాంచి వెలిచూపు వలదన్న
కొడుకు మోహ మింత విడువఁడయ్యె
మనల మనకుఁ జూపు మసిలేని యద్దమై
గ్రుడ్డివాఁడె సుమ్ము గురువు మనకు

పెన్న (తాడిపత్రి):
బ్రౌన్ సంగతి ఇప్పుడెందుకు? ఆనాడు నేను పట్టింది పదాల అన్వయం, భావం కాదు. ఇనుప భీముణ్ణి కౌగిట నలిపినవాడు గురువెట్లా అవుతాడు?

పాలకొండ (కడప):
అందుకే అవుతాడు. రాత్రంతా విదురుడు నీతి చెప్తే కూర్చుని విన్నాడు. నువ్వు చెప్పేది నిజమే, దుర్యోధనుణ్ణి చూస్తే మళ్ళీ నా బుద్ధి తిరిగిపోతుంది అన్నాడు. తన గుడ్డితనం తనకు తెలుసు, అయినా కదల్లేదు. ప్రవచనం విని, కళ్ళు తుడుచుకుని, ఇంటికొచ్చి అన్నదమ్ముల పొలం గట్టు జరిపే మనం ఎవరిమి? నాకు ఆయన్ని చూస్తే భయం వేస్తుంది సార్. నాలో ఉన్నాడు కాబట్టి.

తుంగభద్ర (కర్నూలు):
అన్నా, ‘మసిలేని యద్దం’ దగ్గర ఆగిపోయినా. మా పరిసయ్యులూ, మీ రాజూ ఒకే వీధివాళ్ళు. మీ రాజు కనీసం ఒప్పుకున్నాడు.

నిర్వాహకులు (కర్నూలు):
వద్దన్న ధృతరాష్ట్రుడే వచ్చాడు, ఈ పద్యాన్ని పక్కన పెట్టడం నావల్ల కాదు. ‘విడువఁడయ్యె’లో ఆ నిస్సహాయత అంతా ఉంది. పెన్న గారూ, ‘కాసులే’ అని మార్చి మళ్ళీ పెట్టండి, ఆ ప్రశ్నార్థకం పోకూడదు.