పస్సావ్ నుంచి వియన్నా దాకా: బ్యాటరీ సైకిలు మీద వెళ్తే అది సైకిలు యాత్రేనా?

పాతచెయిను:
మే నెలలో మన బృందం డాన్యూబ్ నది ఒడ్డున జర్మనీలోని పస్సావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నాకు బయలుదేరుతోంది. సుమారు 320 కిలోమీటర్లు. ఒక్కటే మనవి. బ్యాటరీ సైకిళ్ళవారు వేరే బృందం కట్టుకోండి. తొక్కకుండా వెళ్ళేదాన్ని మోటారుసైకిలు అంటారు.

వెనకచక్రం:
తొక్కకపోతే అది కదలదు. ఐరోపా నిబంధనల్లో మోటారు 250 వాట్లే. పెడలు తిరిగితేనే సాయం, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటితే అదీ ఉండదు.

పాతచెయిను:
నది దిగువకు వెళ్ళేవాళ్ళకు సాయం దేనికి?

కొలతబద్ద:
ఏం దిగువండీ! ఇంత దూరానికి నది దిగేది 150 మీటర్ల లోపే. కిలోమీటరుకు అర మీటరు కూడా లేదు.

పాతచెయిను:
పడమటి గాలి వీపు మీద తోస్తుంది.

కొలతబద్ద:
నాకు తుల్న్ ఊరి దగ్గర రోజంతా ఎదురుగాలే. ముందు వాలు సంగతి తేల్చండి.

ఆకలిరాజు:
వాఖావ్ లోయలో ఆప్రికాట్ పండు పెట్టి ఉడికించిన ఉండలు దొరుకుతాయి. మన పూర్ణాలకు దూరపు చుట్టాలు. ఏ సైకిలైనా అక్కడ ఆగాల్సిందే.

పాతచెయిను:
ఆవిరి పడవలు రాకముందు గుర్రాలు పడవలను ఎగువకు లాగిన దారి ఇది. చెమట పట్టనివాళ్ళకు దాని విలువ ఏం తెలుస్తుంది?

వెనకచక్రం:
చెమట పట్టింది గుర్రాలకు, పడవలో కూర్చున్నవాళ్ళకు కాదు. పోయిన ఏడాది గుర్రం ఎవరో చెప్పమంటారా? సంచులు రెండూ అక్క సైకిలుకే కట్టారు. గ్రైన్ ఊరు దాటాక మోకాలు పట్టేసి ఆమె బెంచీ మీద కూలబడితే, సాయంత్రానికి మీరు మెల్క్ మఠం ముందు నిలబడి ఫోటో పెట్టారు.

కొలతబద్ద:
అక్క ఎవరు?

వెనకచక్రం:
ఈయన భార్య. మా బావగారు లెండి.

పాతచెయిను:
ఇంటి గొడవ ఇక్కడెందుకమ్మా? ఏడింటికల్లా చేరకపోతే గది ఇవ్వం అన్నారు. మీ అక్కే వెళ్ళమంది.

వెనకచక్రం:
అంది. ఏ గొంతుతో అందో మీరు వినలేదు. ఈసారి బ్యాటరీ సైకిలు అద్దెకు చెప్పేసింది. ఆమె ముందు వెళ్ళిపోతుందనే కదా ఈ నియమం?

పాతచెయిను:
ఇద్దరం కలిసి వెళ్ళాలని. అది ఝామ్మని సాగిపోతుంటే నేను ఒంటరిగా వెనక రావాలా?

వెనకచక్రం:
గ్రైన్ దాటాక ఆ బెంచీ ఇంకా ఉంటుంది బావగారూ.

కొలతబద్ద:
వాలు అర మీటరు కూడా లేదని ఇంతవరకూ ఎవరూ ఒప్పుకోలేదు.