వంక మా చేను వైపే ఎందుకు కోస్తోంది?

అన్నలకు నమస్కారం. మాది కడప జిల్లా, కమలాపురం దగ్గర పల్లె. పాపాఘ్ని నదిలో కలిసే ఓ వంక మా శనగ చేను దగ్గరే వంపు తిరుగుతుంది. ఏడాదిలో చాలా నెలలు ఎండే ఉంటుంది. తుఫాను వానకు పారిందంటే మా ఒడ్డు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతుంది, అవతల ఇసుక మేట వేస్తుంది. వంపు బయటివైపు నీళ్లు వడిగా కోస్తాయని, లోపలివైపు నెమ్మదించి ఇసుక వదులుతాయని తెలుసు.

నా అనుమానం ఎగువనున్న చెక్‌డ్యాం మీద. ఇసుకంతా అక్కడే ఆగిపోతే, బరువు తగ్గిన నీళ్లు కింద అడుగును తవ్వుకుంటాయి కదా? వరద బురదగానే వస్తోందిగా అని మా మామ వాదన. కానీ నీళ్లలో కలిసి తేలే సన్నమట్టి వేరు, అడుగున దొర్లుతూ వచ్చే ఇసుక వేరు. ట్రాక్టర్లు ఇసుక తోడటమూ ఉంది, ఆ గొడవ ఇక్కడొద్దు.

ఇనుప తీగ వలలో రాళ్లు పేర్పించాలనుకుంటున్నా. అడుగు ఇంకా దిగుతుంటే పునాది ఎంత లోతు తీయాలి? మా గట్టు ఆగితే కోత దిగువ చేలకు మళ్లుతుందా? రాళ్లు లేకుండా గట్టున వెదురు, వావిలి మొక్కలు నాటితే చాలునా? చిత్రావతి, చెయ్యేరు వైపు ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.