రియల్‌పాత్ పిలవాలా, పాత్ మనమే కలుపుకోవాలా?

భీమవరం_చెరువుగట్టు: రొయ్యల చెరువు దగ్గర చిన్న లినక్స్ బోర్డు ఆక్సిజన్ రీడింగులు ఫైల్లో రాస్తుంది. యూజర్ ఇచ్చిన పేరుని పూర్తి పాత్ (ఫైల్ ఉన్న దారి) చేద్దామని సీ భాషలోని రియల్‌పాత్ ఫంక్షన్ పిలిస్తే నల్ (ఖాళీ జవాబు) వస్తోంది. ఫైల్ ఇంకా లేదు కాబట్టి ఈనోఎంట్, అంటే అలాంటి ఫైల్ లేదనే ఎర్రర్. గెట్‌సీడబ్ల్యూడీ ఇచ్చే ప్రస్తుత ఫోల్డర్ దారికి పేరు అతికిస్తే సరిపోదా?

అమలాపురం_సీ: సరిపోదండి. తాజా/../పాత అని ఇచ్చారనుకోండి. రెండు చుక్కలంటే పై ఫోల్డర్. తాజా సిమ్‌లింక్ (వేరే ఫోల్డర్‌కి దారి చూపే గుర్తు) అయితే మీరు చుక్కల్ని కొట్టేసి రాసుకున్న దారి వేరు, కెర్నల్ (లినక్స్ అసలు గుండెకాయ) వెళ్ళే దారి వేరు. ఫోల్డర్ వరకు రియల్‌పాత్ చేసి, చివర పేరు కలపండి.

తణుకు_బీటెక్: విండోస్‌లో ఫుల్‌పాత్ ఉంది, ఫైల్ లేకపోయినా ఇస్తుంది.

అమలాపురం_సీ: అది డిస్కు వైపు చూడదు తమ్ముడూ. లినక్స్‌లో లేదు కూడా.

భీమవరం_చెరువుగట్టు: మా బోర్డులో సిమ్‌లింకులే లేవు.

అమలాపురం_సీ: మా పాత ఆఫీసులోనూ ఇదే మాట. డిస్కు నిండితే ఒకాయన ఫోల్డర్‌ని వేరే డిస్కుకి మార్చి సిమ్‌లింక్ పెట్టాడు. పాత ఫైళ్ళు తుడిచే ప్రోగ్రామ్ రెండు చుక్కల్ని తనే కొట్టేసుకుని వేరే ఫోల్డర్ ఊడ్చేసింది. సీజన్ రికార్డంతా పోయింది. తిట్లు తిన్నది నేను!

కాకినాడ_పోర్ట్: రియల్‌పాత్ జవాబు కోసం 4096 బైట్ల బఫర్ (మెమరీ జాగా) పెట్టకండి. రెండో ఆర్గ్యుమెంట్ నల్ ఇస్తే పాసిక్స్ 2008 ప్రమాణం ప్రకారం అదే మెమరీ తీసుకుంటుంది. ఫ్రీ మాత్రం మీరే చేయాలి.

భీమవరం_చెరువుగట్టు: బఫర్ గురించి ఎవరడిగారండీ? తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. పోయిన పంటలో పాత్ దొరకలేదని లాగర్ (రీడింగులు రాసే ప్రోగ్రామ్) ఆగిపోయింది, ఏరేటర్లు వెయ్యమని మెసేజ్ రాలేదు. పొద్దున్న చూస్తే రొయ్యలు తేలిపోయి ఉన్నాయి. ఆ నష్టం మీరెవరూ కట్టరు. నాకు ప్రోగ్రామ్ ఆగకూడదు, అంతే.

రాజోలు_రేవు: ఫైల్ తెరవడానికి పూర్తి పాత్ ఎందుకు? ఓపెన్‌కి మామూలు పేరు చాలుగా?

భీమవరం_చెరువుగట్టు: లాగర్ డీమన్‌గా (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌గా) మారాక రూట్ ఫోల్డర్‌కి వెళ్ళిపోతుంది. మామూలు పేరు అక్కడ పనికిరాదు.

రాజోలు_రేవు: అలాగైతే ముందే ఫోల్డర్ తెరిచి, దాని డిస్క్రిప్టర్ (తెరిచిన ఫోల్డర్‌కి కెర్నల్ ఇచ్చే నంబరు) మీ దగ్గర పెట్టుకోండి. తర్వాత ఆ ఫోల్డర్ నుంచే ఫైల్ తెరిచే ఓపెన్‌ఎట్ వాడండి. ప్రోగ్రామ్ ఎక్కడికి మారినా పని చేస్తుంది.

భీమవరం_చెరువుగట్టు: స్క్రీన్ మీద పూర్తి పాత్ చూపించాలిగా?

అమలాపురం_సీ: చూపించడానికైతే అతికించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ స్ట్రింగ్‌తో ఏదీ తుడవకండి.

భీమవరం_చెరువుగట్టు: మెమరీ కార్డు నిండితే పాతవి తుడిచేది దాంతోనే.

అమలాపురం_సీ: తుడిచే సంగతి ఇప్పుడా చెప్పేది! అదే డిస్క్రిప్టర్‌తో అన్‌లింక్‌ఎట్ (ఆ ఫోల్డర్లోని ఫైల్ తుడిచేది) వాడండి, లేదా ఆ కోడ్ తీసేయండి. మెమరీ కార్డు నిండితే ఇంకోటి కొనుక్కోవచ్చు, రీడింగులు పోతే ఎక్కడ తెస్తారు?

భీమవరం_చెరువుగట్టు: కార్డు నిండినా లాగర్ ఆగిపోతుందండి. నేను మొదటినుంచీ చెప్తున్నది అదే.