సెన్సార్‌షిప్ ఇంత చూసిన తెలంగాణలో ‘1984’ లాంటి నవల ఎందుకు రాలేదు?

ఓరుగల్లు_అమ్మాయి:

అందరికీ నమస్తే. హన్మకొండలో ఎం.ఏ. ఇంగ్లిష్ రెండో సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ పేపర్‌కు సెన్సార్‌షిప్, డిస్టోపియన్ నవలలు (మనిషికి ఊపిరాడని చీకటి రాజ్యాన్ని కల్పించి రాసేవి) అనే టాపిక్ తీసుకుని జమ్యాతిన్ ‘మేము’, హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’, ఆర్వెల్ ‘1984’, బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ వరసపెట్టి చదివాను. గైడ్లు తీసినా యూట్యూబ్ పెట్టినా ఒకటే మాట, వీళ్లంతా భవిష్యత్తును ముందే చూసేశారట. నాకది మింగుడు పడట్లేదు. అట్లా జ్యోతిష్యం లెక్కన మాట్లాడితే ఆ రచయితలు ఏ రోజుల్లో బతికారు, ఎవరికి భయపడ్డారు అన్నది పక్కకు పోతుంది కదా.

ఇంకో డౌట్ ఉంది, నిజానికి నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. నిజాం కాలంలో పది మంది కూడి సభ పెట్టుకోవాలన్నా ముందు పర్మిషన్ తెచ్చుకోవాల్సి వచ్చిన నేల మనది. ఆ తర్వాత ఎమర్జెన్సీ. ఇంత చూసిన చోట అట్లాంటి నవల ఒక్కటి పేరు తెచ్చుకోలేదు, ఎందుకు? ఒక పెద్దాయనను అడిగితే మనవాళ్లకు ఆ ఊహ లేదమ్మా అన్నారు. ఆ జవాబు విని చాలా బాధేసింది. చదివినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

కాజీపేట_జంక్షన్:

చెల్లె, మొదటి దాంట్లో నీ అనుమానం కరెక్టే. ఈ నవలల్లో మనకు భవిష్యత్తులా కనిపించేది చాలావరకు ఆ రచయితలు దగ్గరి నుంచి చూసిన ఆఫీసులే.

ఆర్వెల్‌నే తీసుకో. పుట్టింది బీహార్‌లోని మోతీహారీలో, తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి, తను 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. తర్వాత 1941 నుంచి 1943 దాకా బీబీసీ ఈస్టర్న్ సర్వీసులో, అదీ ఇండియాకు వెళ్లే ప్రసంగాల దగ్గర. ఇక్కడ క్విట్ ఇండియా నడుస్తున్నది, గాంధీ నెహ్రూ అందరూ జైల్లో ఉన్నారు, ఈయన లండన్‌లో కూర్చుని మనకు ఇంగ్లండు మాట వినిపించే స్క్రిప్టులు తయారు చేస్తున్నాడు. ఏ స్క్రిప్టయినా మైకు దాకా పోవాలంటే రెండు ముద్రలు పడాలి, ఒకటి యుద్ధ రహస్యాలు బయటపడకుండా, ఇంకొకటి ప్రభుత్వ విధానానికి అడ్డం రాకుండా. చదివే మనిషి కాగితం దాటి మాట్లాడితే అక్కడికక్కడ ప్రసారం ఆపేయడానికి స్విచ్ దగ్గర ఇంకో మనిషి. ఆయన భార్య ఐలీన్ అంతకుముందు ప్రభుత్వ సెన్సార్‌షిప్ విభాగంలోనే ఉద్యోగం చేసింది, అంటే ఈ సంగతులు ఇంట్లో అన్నం తినేటప్పుడు మాట్లాడుకునే సంగతులే. సమాచార మంత్రిత్వ శాఖ ఉన్న సెనేట్ హౌస్ భవనమే నవలలోని సత్య మంత్రిత్వ శాఖకు నమూనా అంటారు. పాత పేపర్లు ముందేసుకుని దిద్దుతూ కూర్చునే ఆ నవల హీరో విన్‌స్టన్ ఉద్యోగం కూడా గాల్లోంచి ఊడిపడింది కాదు.

రష్యావాడు జమ్యాతిన్ సంగతి ఇంకా కష్టం. షిప్పులు కట్టే ఇంజనీరు, యుద్ధం రోజుల్లో ఇంగ్లండు షిప్‌యార్డుల్లో పనిచేశాడు. మనిషి ప్రతి కదలికకు టైం కట్టే టేలర్ పద్ధతి నవలలో దేవుడి స్థాయికి పోయిందంటే అందుకే. జార్ కాలంలో జైలుకు పోయాడు, 1922లో కొత్త ప్రభుత్వం మళ్లీ అరెస్టు చేసి అదే జైల్లో అదే వరండాలో పెట్టింది. అదే సంవత్సరం గ్లావ్‌లిట్ అనే సెన్సార్ సంస్థ కూడా మొదలైంది. ‘మేము’ 1920, 21ల్లో రాసినా ముందు వెలుగు చూసింది ఇంగ్లిష్ అనువాదంగా 1924లో న్యూయార్క్‌లో, సొంత దేశంలో అచ్చు కావడానికి 1988 దాకా పట్టింది. రాయనివ్వకపోవడం నాకు మరణశిక్షతో సమానం, బయటికి పోనివ్వండి అని 1931లో స్టాలిన్‌కే లెటర్ రాసి వెళ్లిపోయాడు, 1937లో పారిస్‌లో చనిపోయాడు. హక్స్‌లీ గురించి నీ పేపర్‌కు ఒక్క లైను చాలు, 1932లో పుస్తకం వచ్చిన ఏడాదే ఐర్లండ్‌లో నిషేధించారు.

మానుకోట_పాతకాపు:

బిడ్డా, ఊహ లేదన్న మాట నేనొప్పుకోను. నవల రావాలంటే ఏమేం కావాలో ముందు ఆలోచించు. ప్రెస్సు కావాలి, కాగితం కావాలి, అమ్మే దుకాణం కావాలి, కవరు మీద ఒక అడ్రసు కావాలి. వీటిలో ప్రతి దాని దగ్గరా పోలీసు వచ్చి కూర్చోవచ్చు. చదివే జనం కూడా ఉండాలి. నిజాం రాజ్యంలో పైచదువులు చాలావరకు ఉర్దూలో, తెలుగు చదవగలిగినవాళ్లు ఊరికి నలుగురు. అందుకే ఇక్కడ మొదటి పోరాటమే గ్రంథాలయం కోసం జరిగింది. హన్మకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో పెట్టారంటే ఆ రోజుల్లో అది మామూలు ధైర్యం కాదు. మా పక్కనే ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో తెనుగు పత్రిక నడిపారు, పట్నంలో కాదు, పల్లెటూళ్లో. సభలకు ‘గస్తీ నిషాన్ 53’ అడ్డం. ముందు అనుమతి లేకుండా సభ పెట్టొద్దని దాని సారాంశం. దాన్ని తీసేయమని ఆంధ్ర మహాసభ ఎంత మొత్తుకుందో పాత పత్రికల్లో కనబడుతుంది.

అక్షరం దాటినవాడికి ఏమైందో కూడా చూడు. షోయబుల్లాఖాన్ మా వైపు మనిషే. అంతకుముందు పనిచేసిన రయ్యత్ పత్రికను సర్కారు మూయించింది, ఇమ్రోజ్ అని ఇంకో ఉర్దూ పత్రిక పెట్టి భారతదేశంలో కలవాలని రాశాడు. 1948 ఆగస్టులో రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి పోతుంటే చంపేశారు, రాసిన చేతిని నరికారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. ఇట్లాంటి రోజుల్లో మనిషి కూర్చుని, అనగనగా ఒక చీకటి రాజ్యం, అని కల్పించి రాయడు. ఉన్న రాజ్యాన్నే పేరు పెట్టి తిడతాడు.

ఇక నీ పేపర్‌కు పనికొచ్చే అసలు ముచ్చట. బ్రాడ్‌బరీ నవల చివర్లో పుస్తకాలు తగలబడిపోతే మనుషులు ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం చేసి మోస్తుంటారు కదా. ఆ నవల 1953లో వచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు మన ఇందూరు, అంటే నిజామాబాద్ జైల్లో కవి దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఒకచోట ఉన్నారు. కాగితం కలం లేవు. దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాశాడు, ‘ఓ నిజాము పిశాచమా’ అని. జైలువాళ్లు చెరిపేయడం, ఆయన మళ్లీ రాయడం. ఆళ్వారుస్వామి దాన్ని కంఠస్థం చేసుకున్నాడని చెప్తారు. అమెరికాలో ఒక రచయిత ఊహించి రాసింది ఇక్కడ నిజామాబాద్‌లో నిజంగా జరిగింది. మనవాళ్లకు ఊహ లేదన్న ఆ పెద్దమనిషికి ఈ ఒక్కటి చెప్పు చాలు.

పాట సంగతి చెప్పనక్కరలేదు. బండెనక బండి కట్టి అని ఊరంతా పాడుతుంటే ఏ ప్రెస్సుకు తాళం వేస్తారు?

గోదావరిఖని_నైట్‌షిఫ్ట్:

కాపు సార్ చెప్పిందానికి ఒకటి కలుపుతాను. ఇటువైపు ఎందుకు రాలేదంటే రాజకీయం కూడా ఒక కారణం. మా నాన్న బొగ్గుబాయి కార్మికుడు, మస్తు చదివేటోడు, ఆయన దోస్తులంతా లెఫ్ట్. వాళ్ల దగ్గర ఆర్వెల్ పేరెత్తితే అమెరికావాళ్ల రచయిత అని పక్కన పెట్టేవాళ్లు. అది ఉత్త అభాండం కూడా కాదు. స్టాలిన్ రాజ్యాన్ని వెక్కిరిస్తూ ఆయన రాసిన ‘యానిమల్ ఫామ్’ కార్టూన్ సినిమాగా 1954లో వచ్చింది, దాని వెనుక సిఐఎ డబ్బు ఉందని తర్వాత బయటపడింది. బ్రిటిష్ ప్రభుత్వం 1948లో పెట్టిన రహస్య ప్రచార విభాగం కూడా ఆ పుస్తకం అనువాదాలను దేశదేశాలకు పంచింది. ఇక్కడ సాయుధ పోరాటం 1951 దాకా నడిచింది, జైళ్లు నిండి ఉన్నాయి, అప్పుడు ఆ పుస్తకాన్ని ఇక్కడివాళ్లు ప్రేమగా చదువుతారని ఎట్లా అనుకుంటాం.

కానీ దీన్నే ఇంకోవైపు నుంచి చూడు అక్కా. అదే పుస్తకాన్ని 1944లో అదే లండన్‌లో ప్రచురణకర్తలు వరసగా తిప్పి పంపారు. ఒకాయన వేద్దామనుకుని సమాచార శాఖ అధికారిని అడిగాడు, స్టాలిన్ ఇప్పుడు మన మిత్రుడు, బాగుండదు అన్నాడు ఆ అధికారి, పుస్తకం ఆగిపోయింది. ఆ అధికారి సోవియట్ గూఢచారి అని తర్వాత తేలింది, అది వేరే కథ. 1945 ఆగస్టులో ఎట్లనో వచ్చింది. నాలుగైదేళ్లు తిరక్కముందే ఆ ప్రభుత్వమే దాన్ని మోసుకు తిరిగింది. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు, శత్రువు మారాడు. నా లెక్క ప్రకారం ఈ టాపిక్ మొత్తం ఇక్కడుంది. ఆ పుస్తకానికి ఆర్వెల్ రాసిన ముందుమాట ఒకటుంది, ఇంగ్లండులో సెన్సార్ ఎక్కువగా ఎవరూ చెప్పకుండానే ఎవరికివాళ్లు చేసుకుంటారని అందులో అన్నాడు. పుస్తకంతో అది అచ్చు కాలేదు, 1972లో గానీ బయటికి రాలేదు.

ఓరుగల్లు_అమ్మాయి:

కాపు సార్, ఇందూరు జైలు సంగతి చదివి ఇంట్లో అందరికీ చెప్పాను, థాంక్స్. ఒక్కటి మాత్రం అడగాలి. పాట ఉంది, పద్యం ఉంది, సరే. కానీ 1948 తర్వాత నవలలు వచ్చాయి కదా, ‘ప్రజల మనిషి’, ‘చిల్లర దేవుళ్ళు’ లాంటివి. అవన్నీ జరిగింది జరిగినట్టు చెప్పే నవలలే. అప్పుడు ప్రెస్సుకు తాళం లేదు. అయినా ఎవరూ అట్లా కల్పించి రాయలేదెందుకు? ఎమర్జెన్సీ మీద కూడా నాకు దొరకలేదు.

కరీంనగర్_టీచరమ్మ:

అమ్మా, నేను తెలుగు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. నా అభిప్రాయం చెప్తాను, ఒప్పుకోకపోయినా పర్వాలేదు. దొరల కాలం గురించి అప్పటిదాకా పుస్తకాల్లో పెద్దగా రాలేదు. వెట్టి ఎట్లా చేయించారో, గడీ లోపల ఏం జరిగేదో కాగితం మీదికి రావాల్సి ఉంది. సాక్ష్యం చెప్పడం మిగిలిపోయినవాళ్లు ముందు సాక్ష్యమే చెప్తారు. రష్యా లాంటి చోట కథ మారువేషంలో రావడానికి ఒక కారణం, అక్కడ నిజం పేరు పెట్టి చెప్తే అచ్చు వేసేవాళ్లు కాదు. మనకు 1948 తర్వాత నిజాం పేరు పెట్టి చెప్పే వీలు దొరికింది, మారువేషం ఎందుకు?

ఎమర్జెన్సీ మాత్రం వేరు, అక్కడ నీ ప్రశ్న గట్టిది. 1975 జూన్ 25 రాత్రి ప్రకటించారు, 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలింది. ఆ తెల్ల జాగా చూసినవాళ్లు మర్చిపోరు. పత్రికకు పోయే ముందే వార్త సెన్సార్ అధికారి చేతికి పోవాలి. మీ ఓరుగల్లు నుంచి 1966లో మొదలైన సృజన పత్రిక నడిపిన వరవరరావు జైల్లో ఉన్నారు. మా ఇంట్లో మా నాన్న సాహిత్య పత్రికలన్నీ గోనెసంచిలో కట్టి వడ్ల గుమ్మిలో అడుక్కి తోసి పైన వడ్లు పోయించాడు, ఎవరైనా వస్తే మీకేం తెలియదనండి అని మాకు చెప్పి. అవి నిషేధించిన పత్రికలో కావో ఆయనకు కూడా తెలియదు. టెన్షన్ అట్లా ఉండేది. ఎవరూ వచ్చి అడగలేదు. ఆర్వెల్ ముందుమాట అన్నారే, సరిగ్గా అదే ఇది. కాళోజీ గారు మాత్రం ఎమర్జెన్సీ అయ్యాక సత్తుపల్లికి పోయి అప్పటి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీదే పోటీకి నిలబడ్డారు. ఓడిపోతానని తెలిసే నిలబడ్డారు.

బ్రాడ్‌బరీ గురించి ఇంకొకటి రాసుకో, చాలామంది వదిలేస్తారు. పుస్తకాలు తగలబెట్టే కథను అమెరికాలోనే స్కూలు పిల్లల ఎడిషన్ కోసం 1967 నుంచి 75 చోట్ల కత్తిరించి అమ్మారు. ఆయనకే చెప్పలేదు, చదివిన విద్యార్థులు ఉత్తరాలు రాస్తే తెలిసింది. ప్రభుత్వం కాదు, ప్రచురణకర్త చేసిన పని.

నీ పేపర్‌ను నాలుగు నవలలతో నింపకు. ‘1984’, ‘ఫారెన్‌హీట్ 451’ రెండే ఉంచుకుని వాటి పక్కన ఇందూరు జైలు పెట్టు. ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు, దాశరథి ‘అగ్నిధార’ ముందు చదువు, ‘అగ్నిధార’ 1949లోనే వచ్చింది కాబట్టి తేదీలు కూడా నీకు కలిసొస్తాయి. సృజన పాత సంచికల కోసం మీ ఊళ్లోనే పెద్దవాళ్ల ఇళ్లలో అడుగు, చాలామంది దాచుకున్నారు.