తెరుక్కురల్ అనాలా, తెరుక్కురళ్ అనాలా?

మొన్న మన గ్రూపులోనే ఎవరో తమిళ రాపర్ అరివు గురించి రాస్తూ ఆల్బమ్ పేరు 'తెరుకురళ్' అని పెట్టారు. తప్పు పట్టడానికి కాదు గానీ, ఆ ఒక్క అక్షరం మారితే పేరులో ఉన్న చమత్కారమంతా పోతుంది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నా.

తిరువళ్లువర్ రాసింది తిరుక్కుఱళ్. 133 అధికారాలు (అధ్యాయాలు), 1330 కుఱళ్లు, ఒక్కోటి రెండే పాదాలు, మొదటి పాదంలో నాలుగు సీర్లు (మన గణాల్లాంటివి), రెండోదాంట్లో మూడు. తిరు అంటే శ్రీ, కుఱళ్ అంటేనే పొట్టిది అని. మన 'కుఱుచ' కూడా ఆ ధాతువుదే, బండి ఱ తో సహా. ఇక 2019లో సంగీత దర్శకుడు ఆఫ్రోతో కలిసి అరివు తెచ్చిన ఆల్బమ్ పేరు తెరుక్కురల్. ఇక్కడ మామూలు ర, మామూలు ల. కురల్ అంటే గొంతు. తెరు అంటే వీధి. మొత్తం కలిపితే వీధి గొంతు.

అంటే 'తిరు'లో గుడి తీసి ఎత్వం పెట్టాడు, శ్రీ కాస్తా వీధి అయింది. చివర ళ తీసి ల పెట్టాడు, ద్విపద కాస్తా గొంతు అయింది. చెన్నై మాటలో ర, ఱ తేడా దాదాపు పోయింది, ల, ళ కూడా చాలామంది కలిపేస్తారు కాబట్టి చెవికి తిరుక్కుఱళే వినిపించినట్టుంటుంది, కాగితం మీద చూస్తే వేరే మాట. తమిళ బడిలో చదువుకున్న ఎవరికైనా ఇది క్షణంలో వెలుగుతుంది. తెలుగులో రెండింటికీ 'కురళ్' అని రాసేస్తే ఇంక వెలగడానికి ఏమీ మిగలదు.

ఇంకోటి, 'తెరు' మనకి పరాయి మాటేం కాదు. తెరువు అంటే దారి. పాత పుస్తకాల్లో బాటసారిని తెరువరి అనేవారు. ఇప్పుడు మనం ఒక్క బతుకుతెరువులోనే దాన్ని బతికించుకుంటున్నాం, అది కూడా విడదీసి చూడం. తమిళం వీధి అన్న అర్థం నిలుపుకుంది, మనం దారి అన్న అర్థం నిలుపుకున్నాం.

వ్యాఖ్య: బాగుంది గానీ, రాప్ పాటల గొడవ భాషా గ్రూపులో ఎందుకండీ? ఛందస్సూ లేదు, పాడూ లేదు.

జవాబు: ఛందస్సు లేదేమో గానీ ప్రాస లేదని మాత్రం అనకండి. తమిళంలో ఎదుగై అంటే రెండో అక్షరం కలవడం, అచ్చం మన పద్యంలో ప్రాసలాగే. మోనై అంటే మొదటి అక్షరం కలవడం, అది మన యతికి దగ్గర. రాప్ అనగానే అందరికీ అంత్యప్రాసే గుర్తొస్తుంది, ఎందుకంటే ఇంగ్లీషు వాళ్ల అలవాటు అది. తమిళంలోనో తెలుగులోనో రాసేవాడికి పాదం మొదట్లో కూడా పట్టు దొరుకుతుంది. అరివు పాటల్లో నాకు నచ్చేది ఇదే, మాట పాదం చివరికి వెళ్లేదాకా ఆగదు, ఎత్తుగడలోనే దరువు మొదలవుతుంది. మన తెలుగు కుర్రాళ్లలో కూడా మంచి ఊపున్న వాళ్లున్నారు, కాదనను, కానీ చాలామంది పాదాలు చివర ఒక ఇంగ్లీషు మాట కోసం పరిగెత్తుతుంటాయి, అది నాకు విసుగు. రెండో అక్షరం మీద ప్రాస నడిపి ఒక్క పాట చేస్తే వినాలనుంది.

వ్యాఖ్య: అరివు అంటే ఏంటన్నా అసలు? అది పేరేనా?

జవాబు: పూర్తి పేరు అఱివరసు. అఱివు అంటే తెలివి, జ్ఞానం. అరసు అంటే రాజు, ప్రభుత్వం కూడా. మన 'ఎఱుక', 'ఎఱుగు' ఈ అఱివుకి చుట్టాలే, ఇక్కడా బండి ఱ ఉంది చూడు. ఊరు అరక్కోణం, ఇప్పుడు రాణిపేట జిల్లా. రేణిగుంట నుంచి చెన్నై రైలెక్కిన వాళ్లందరికీ తెలిసిన జంక్షనే. పక్కనున్న తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సినిమా దర్శకుడు పా. రంజిత్ చొరవతో, తెన్మా సంగీతంతో మొదలైన ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అనే బృందంతో పదిమందికీ తెలిశాడు. 2018 జనవరిలో చెన్నైలో వాళ్ల మొదటి కచేరీ. గానా (చెన్నై పేటల పాట), పఱై (డప్పు), రాప్ అన్నీ ఒకే వేదిక మీద. ఆ బృందం పేరు కూడా ఊరికే పెట్టుకున్నది కాదు, కులవ్యతిరేక రచయిత అయోతీదాస పండితర్ వాడిన 'జాతి భేదమట్ర తమిళర్', అంటే కులభేదం లేని తమిళులు, అన్న మాటలోంచి తీసుకున్నది. తమిళంలో జాతి అంటే కులం, మనలా వేరే అర్థం చేసుకోకూడదు. అదే ఏడాది కాలా సినిమాకి పాట రాశాడు, తర్వాత మాస్టర్‌లో 'వాతి రెయిడ్'.

వ్యాఖ్య: ఇవన్నీ సరే, 'ఎంజాయ్ ఎంజామి'లో ఎంజామి అంటే ఏంటో చెప్పండి. మా పిల్లలు 'ఎంజాయ్' కి ప్రాస కోసం కల్పించిన మాట అనుకుంటున్నారు.

జవాబు: కాదక్కా, అది ఎన్ + సామి. నా సామీ అని. తమిళంలో స, చ రెండింటికీ ఒకటే అక్షరం, ముందు అనునాసికం వస్తే అది జ గా పలుకుతుంది. మన వ్యాకరణంలో ద్రుతం మీద పరుషాలు సరళాలవుతాయని చదువుకున్నాం కదా, చ కి జ వస్తుంది, దాదాపు ఆ దారే. 2021 మార్చిలో వచ్చింది ఆ పాట. గాయని ధీ, అరివు పాడారు, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్ నిర్మించాడు. అందులో 'సామి' దేవుడనే అనుకోనక్కర్లేదు. మన రాయలసీమలో పిల్లాణ్ణి కూడా 'నా సామి' అని ముద్దు చేస్తారు, భూస్వామినీ 'సామీ' అని పిలుస్తారు. రెండూ ఒకే నోటి నుంచి వస్తాయి. అరివు అవ్వ వళ్ళియమ్మ శ్రీలంక తేయాకు తోటల్లో కూలి చేసి తిరిగొచ్చిన మనిషి, పాటకి మూలం ఆమె చెప్పిన బతుకే. తోటలు పెంచినవాళ్లకి చెట్టు కింద జాగా కూడా సొంతం కాదన్న బాధ తెలిశాక, ఆ పిలుపులో ముద్దు ఎంత, మొర ఎంత అని అడగాలనిపిస్తుంది.

వ్యాఖ్య: పాటలో ఏడుపు రాగం వస్తుంది మధ్యలో, దాన్ని ఏమంటారు?

జవాబు: ఒప్పారి. చావు దగ్గర ఆడవాళ్లు పాడేది. 'ఒప్పు చెప్పి ఏడవడం' అంటారు, అంటే పోయినవాళ్లని బంగారంతో, మాణిక్యంతో పోల్చుకుంటూ ఏడవడం. ఒప్పు అంటే ఇక్కడ పోలిక, తప్పొప్పుల ఒప్పు కాదు. మన దగ్గర శోకాలు పెట్టడం అంటాం. పని అదే, పేరే వేరు.

వ్యాఖ్య: ఆ పాట మీద పెద్ద గొడవైంది కదా, ఎవరిదో క్రెడిట్ అని?

జవాబు: అయింది. 2021 ఆగస్టులో సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ, రాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నారు, అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా అడిగాడు, తర్వాత అరివుతో ఒక డిజిటల్ ముఖచిత్రం వేశారు. 2022 జులైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభంలో ఆ పాట పాడినప్పుడు కూడా అతను వేదిక మీద లేడు. ఆ పాట రాసిందీ, కట్టిందీ, పాడిందీ తనేనని అరివు రాశాడు, ధీ, సంతోష్ నారాయణన్ తమ మాట తాము చెప్పారు. సంతోష్ అయితే 2024లో ఆ పాట వల్ల తమకెవరికీ పైసా రాలేదని కూడా అన్నాడు. ఎవరి పాలు ఎంతో నేను తేల్చను, కానీ మన సినిమా రంగంలో కూడా జానపదం పేరు చెప్పి రాసినవాడి పేరు మాయం కావడం కొత్తేమీ కాదు కాబట్టి, తమిళుల గొడవే కదా అని నవ్వుకోవడానికి మనకి అర్హత లేదు.

వ్యాఖ్య: కొత్తగా ఏమన్నా తెచ్చాడా?

జవాబు: 2024లో 'వళ్ళియమ్మా పేరాండి' అని ఆల్బమ్, మొదటి భాగం. వళ్ళియమ్మ మనవడు అని అర్థం. పేరన్ అంటే మనవడు, అది 'పెయరన్' నుంచి వచ్చిందని తమిళ నిఘంటువు అంటుంది, అంటే తాత పేరు మోసేవాడు. మన ఇళ్లలో కూడా తాత పేరే మనవడికి పెట్టడం ఉంది గానీ ఆ సంగతి మన 'మనవడు' అనే మాటలో లేదు, తమిళం దాన్ని మాటలోనే దాచుకుంది. ఇక్కడ మాత్రం పేరు తాతది కాదు, అవ్వది, అదీ ఆల్బమ్ మీద పెద్దక్షరాల్లో.

వ్యాఖ్య: 'పేరాండి'లో చివరి 'ఆండి' ఏంటి మరి? ముద్దుకి వచ్చిందా?

జవాబు: ముద్దుకే అని నా ఊహ, రుజువు లేదు. తమిళం బాగా తెలిసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.