వాటా కొంత, పెత్తనం మొత్తం: ఇది న్యాయమేనా? (ఒడిశాలోని మూడు ఊళ్ల నుంచి ముగ్గురి మాటలు)

రాయగడ:
జేకేపూర్ పేపర్ మిల్లు సింఘానియాలది, తేరుబలి ఇంఫా ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ పండాలది అని ఇక్కడ చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. రెండూ స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీలే, బయటివాళ్ల డబ్బూ ఉంది. మరి కుర్చీ తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండొచ్చా?

పర్లాకిమిడి:
తప్పకుండా ఉండొచ్చు. బన్సీధర్ పండా 1961లో ఇంఫా పెట్టినప్పుడు ఈ కొండల వైపు ఎవరొచ్చారు? జీతానికొచ్చిన సీఈఓ ఐదేళ్లు చూసి వెళ్లిపోతాడు. ఇంటివాడికి పిల్లల భవిష్యత్తు కూడా అందులోనే ఉంటుంది. నష్టమొస్తే ముందు మునిగేది వాళ్లే.

గుణుపురం:
అన్నా, ఆ చివరి మాట ఒప్పుకోను. లిమిటెడ్ కంపెనీలో ఎవరి నష్టమైనా వాళ్ల వాటా వరకే. చంద్రపూర్ జిల్లాలో థాపర్ల బల్లార్‌పూర్ పేపర్ కంపెనీ 2020లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, ఇంటివాళ్లు ఉన్నా ఆగలేదు.

వాటాదారుల సభలో మామూలు తీర్మానానికి పడిన ఓట్లలో సగం దాటితే చాలు. చిన్న షేర్లవాళ్లలో చాలామంది ఓటే వెయ్యరు. అందుకే సగం వాటా లేకపోయినా డైరెక్టర్లను ప్రమోటరే, అంటే కంపెనీ పెట్టి నడిపే కుటుంబమే వేసుకుంటుంది. అదే టాటా కంపెనీల్లో వాటాలు పట్టుకున్న టాటా సన్స్‌లో షాపూర్‌జీ పల్లోంజీ కుటుంబానికి 18 శాతం పైనే ఉన్నా, 2016లో తమ ఇంటివాడు సైరస్ మిస్త్రీని ఛైర్మన్‌గా తీసేస్తే ఆపలేకపోయారు. 2021లో సుప్రీంకోర్టు కూడా టాటాల వైపే నిలిచింది.

ఇక ఆడపిల్లల సంగతి. చెన్నై వ్యాపార కుటుంబం మురుగప్ప వారింట్లో, వాళ్ల ఆడపడుచు వల్లీ అరుణాచలం కుటుంబ వాటాలుండే హోల్డింగ్ కంపెనీ బోర్డులో చోటు అడిగితే 2020లో ఓటింగ్ పెట్టి కాదన్నారు. మా ఇంట్లోనూ అంతే. రైస్ మిల్లు భాగస్వామ్య పత్రంలో మా అక్క పేరుంది, చెక్కు మీద సంతకం మాత్రం పెదనాన్న కొడుకుది. లెక్కల పుస్తకం చూపించమంటే, "నీకెందుకమ్మా, దసరాకి చీర పంపుతున్నాం కదా" అన్నారు. ఆ రోజు అక్క ముఖం చూడలేకపోయాను.

పర్లాకిమిడి:
అది ముమ్మాటికీ అన్యాయం తమ్ముడూ. కానీ దానికి మందు ఇంటివాళ్లని దింపెయ్యడం కాదు, కట్టడి చెయ్యడం. లిస్టెడ్ కంపెనీ తన ప్రమోటర్ల సొంత సంస్థలతో పెద్ద లావాదేవీ చేస్తే, దాన్ని ఆమోదించే ఓటు వాళ్లు వెయ్యకూడదు. 2022 నుంచి అలాంటి కంపెనీలో స్వతంత్ర డైరెక్టర్‌ని, అంటే ప్రమోటర్లతో సంబంధం లేని డైరెక్టర్‌ని, వెయ్యాలన్నా ప్రత్యేక తీర్మానం, అంటే 75 శాతం ఓట్లు కావాలి; అన్ని రాకపోతే మొత్తం ఓట్లలోనూ, బయటి వాటాదారుల ఓట్లలోనూ సగం దాటాలి.

రాయగడ:
ఆ రూల్ పనిచెయ్యాలంటే మనం ఓటెయ్యాలి కదన్నా! ఈ-ఓటింగ్ ఫోన్లోనే అయిపోతుంది. ఏజీఎం (వాటాదారుల వార్షిక సభ) నోటీసులో ఎవర్ని మళ్లీ వేస్తున్నారో, జీతం ఎంత అడుగుతున్నారో, కనీసం ఆ రెండూ చదవండి.

గుణుపురం:
మిల్లుకి ఏజీఎం ఎక్కడిది? అక్క ఎవరిని అడగాలి?

పర్లాకిమిడి:
అడగక్కర్లేదు. 1932 భాగస్వామ్య చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఏ భాగస్తులైనా పుస్తకాలు చూసి నకలు తీసుకోవచ్చు. ముందు ఆ పత్రం బయటికి తియ్యండి, ఇద్దరం కూర్చుని చదువుదాం.