అప్‌డేట్: ఆరున్నర లక్షల అప్పు, ఇంట్లో చెప్పేశాను

మూడు నెలల క్రితం అడిగింది నేనే. వయసు 26, బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉంటాను, రెండు క్రెడిట్ కార్డులు, మూడు లోన్ యాప్‌లు, మొత్తం ఆరున్నర లక్షలు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నాను. చెప్పమన్నారు మీరు.

దసరాకి అనంతపురం వెళ్ళినప్పుడు చెప్పాను. నాన్న కేకలేస్తారనుకున్నా. ఆయన పాత డైరీ తీసి, కళ్ళజోడు పెట్టుకుని, "ఒక్కొక్కటీ చెప్పమ్మా, రాసుకుంటా" అన్నారు. నాలుగో అంకె దగ్గర నా గొంతు పూడుకుపోయింది. అమ్మ ఏమీ అనకుండా మంచినీళ్ళ గ్లాసు ముందు పెట్టింది. ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42. నేను కట్టే మినిమమ్ డ్యూ, అంటే నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, చాలావరకు వడ్డీకే పోయేది. అందుకే అమ్మ గొలుసు బ్యాంకులో పెట్టి, తక్కువ వడ్డీకి తెచ్చి, పెద్ద కార్డు మొత్తం కట్టేశాం. కొంత తగ్గించి కట్టి అప్పు మూసేసే సెటిల్‌మెంట్‌కి మాత్రం నేను ఒప్పుకోలేదు. మన అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడితే రేపు లోన్ పుట్టడం కష్టం.

రాత్రి తొమ్మిదికి ఫోన్ చేసే రికవరీ ఏజెంటుకు రిజర్వు బ్యాంకు నియమం చెప్పాను: ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత చేయకూడదని. మళ్ళీ ఆ టైమ్‌కి ఫోన్ రాలేదు.

యాప్ అప్పులు మూడింట్లో రెండు తీరాయి. ఇక మిగిలినవి తీర్చి, గొలుసు విడిపించాలి.